చేతిలో కరిగే ఉప్పు

భరణి కార్తె, మొదటి రోజు

కరిగింది. కట్టింది.

నూతి కాపరి ఈ పుస్తకంలో రోజూ రాయవలసింది ఈ రెండు మాటలే. పగలు ఇళ్ళ కప్పుల కింద పళ్ళేల్లో ఉప్పు కరిగిందా, చీకటి పడ్డాక మళ్ళీ గడ్డకట్టిందా. నాకు ముందు కాపరిగా ఉన్న ముత్యాలు ఓపికున్నన్నాళ్ళూ ఇవే రాశాడు. ఏటా వానలకు ముందు ఈ పుస్తకం ఊళ్ళ ఉప్పు లెక్క చూసే శీతల మండలికి వెళుతుంది. పుస్తకం నాకు అప్పజెబుతూ, "తవిటయ్యా, ఎక్కువ రాయకు. రాస్తే శీతల మండలోళ్ళు సదవాల. సదివితే ఆళ్ళకి పని. పని పెట్టినామంటే మనమీద కోపం," అన్నాడు. నేను మాటల మనిషిని కాను. నాకు సరిపోయే కొలువే అనుకున్నాను.

ఈ రోజు ఇంకో మాట రాయాలి. మా చెల్లెలు ఎర్నమ్మ వచ్చింది.

తోడు ఇచ్చే వేళ అది. ఎండలో బయటికి రావద్దని మోగే ఎండ గంట ఆగింది. జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి కప్పు రెక్కలు తెరుస్తున్నారు. నేను నూతి మూత తీసి, మెట్లు దిగి, అడుగున ఉన్న తల్లి ఉప్పులోంచి కొంచెం చెక్కి పైకి తెచ్చాను. ఎండిపోయిన పాత నుయ్యి అది. ఎంత ఎండ కాసినా అడుగున చల్లగానే ఉంటుంది కాబట్టి అక్కడ ఉప్పు ఎప్పుడూ కరగదు. మా ఊరు రేవుగడ్డ ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

పాలకు తోడు వేసినట్టే ఇదీ. కరిగిన ఉప్పు ఎంత చల్లబడినా తనంత తాను గడ్డకట్టదు. నీళ్ళలాగే ఉండిపోతుంది. చిటికెడు తల్లి ఉప్పు పడిందంటే, పడిన చోట మొదలై పళ్ళెమంతా రేకులు రేకులుగా కట్టుకుపోతుంది. అలా కట్టిన ఉప్పే మర్నాడు గదిలో వేడిని తాగి కరుగుతుంది. కట్టనిది తాగదు. తాగకపోతే ఈ ఎండలకు ఇంట్లో మనిషి ఉండలేడు.

తోడు అడిగితే లేదనకూడదు. అది మా ఆచారం. ఉప్పును చేతిలో పెట్టకూడదు. పెడితే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ పోట్లాట వస్తుందంటారు. నూతి గట్టు మీద పెడతాను, వాళ్ళే తీసుకుంటారు. ఇంకొకటుంది. ఒకరి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు వట్టిది ఇవ్వకూడదు.

ఎర్నమ్మ మెట్టవాడ కోడలు.

"ఏటే ఎర్నీ, ఇంత దూరం నడిసొచ్చినావు?" అన్నాను.

"మా ఊరి కప్పులు మొండికేసినాయి అన్నియ్యా. పొద్దల్లా రాయిలాగుంటన్నాయి, కరగవు. మా కాపరేమో ఉప్పు ముసిల్దైపోనాది అంటన్నాడు. ముసిలోలం ఆడూ నానూ గాని, ఉప్పుకేటి?"

మెట్టవాడకు వేరే నుయ్యి, వేరే తల్లి. మా తోడు వేస్తే కుదురుతుందేమోనని వచ్చిందట. గట్టు మీద పెట్టాను. తీసుకుంది. పోయినసారి నా భార్య దాలమ్మ కూర పెట్టి పంపిన గిన్నెను తిరిగి ఇచ్చింది. వట్టిది ఇవ్వకూడదని తన ఇంటి కప్పులోని ఉప్పు చిటికెడు అందులో వేసింది. ఆడపడుచు తెచ్చింది దాలమ్మ పారబోస్తుందా? మా ఇంటి పళ్ళెంలో వేసింది.

భరణి, మర్నాడు

ఊరంతా కరిగింది. మా ఇల్లు కరగలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కప్పు కింద పళ్ళేల్లో సన్నగా చిటపట మొదలవుతుంది. రేకులు విడే చప్పుడు. అది వింటూ నిద్రపోవడం మాకు అలవాటు. ఈ రోజు ఆ చప్పుడు లేదు. గది ఉడికింది. దాలమ్మ తడిగోనె కప్పుకుని నేలమీద పడుకుంది. "మూతెట్టీండి నామీద. ఉడికినాక దించుకుందురు గాని," అంది.

పోయిన ఏడు ఆమెకు వడదెబ్బ తగిలింది. అప్పటినుంచి ఎడమ చెయ్యి సరిగా లేవదు. ఆమె నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు.

పొద్దు వాలాక పరీక్ష గది ఇందుమతి గారిని పిలిచాను. ఆమె పట్నంలో చదువుకుని మా ఊరికి వచ్చింది. ఊరందరి ఉప్పూ నీళ్ళూ ఆమే పరీక్ష చేస్తుంది. నిచ్చెనెక్కి చూసి, చిటికెడు తీసి పీట మీద పెట్టింది. పాత ఉప్పు అభ్రకంలా రేకులుగా ఉంటుంది. ఇది సూదులు సూదులుగా ఉంది. తీసి అరచేతిలో వేసుకున్నాను. పాతది ఒంటి వేడికే కరిగిపోయి చెయ్యి చల్లబడుతుంది. ఇది గుచ్చుకుంది. అలాగే ఉంది.

"ఇదీ అదీ ఒకటే ఉప్పు తాతయ్యా. లోపల కూర్చునే తీరు వేరు," అంది ఆమె. "బంతి భోజనాల్లో మొదటివాడు ఎటు తిరిగి కూర్చుంటే మిగతావాళ్ళూ అటే తిరిగి కూర్చుంటారు చూడండి, అలాగ. పాత తీరున కూర్చున్నది కాస్త వేడి తగలగానే లేస్తుంది. ఈ కొత్త తీరుది గట్టిగా కూర్చుంటుంది. పొయ్యి మీద పెడితే గాని లేవదు. దీని నలుసు ఒక్కటి పడినా, ఆ తర్వాత కూర్చునేవన్నీ దీని తీరే."

"ఎక్కడ పుట్టినాదమ్మా ఇది?"

"పట్నంలో. పగటి వేడిని రాత్రి కరెంటు కోసం దాచే గోపురాలున్నాయి. వాటికి ఎక్కువ వేడికి కరిగే ఉప్పు కావాలి. చేశారు. లారీల్లో ఊళ్ళమీదుగా తిప్పారు. దుమ్ము ఎక్కడ పడిందో అక్కడల్లా ఇదే."

"మండలికి తెలీదా?"

"తెలుసు. ఒప్పుకోరు."

దాలమ్మ గోనెలోంచి తల బయటపెట్టింది. "ఐతే మా ఎర్నమ్మ గిన్నెలోంచే వొచ్చినాదన్నమాట. దానికి సెప్పకండి. ఏడుస్తాది."

ఇందుమతి గారు నా వైపు తిరిగి, "ఇవాళ నూతిలోకి దిగారా?" అంది.

"ఇంకా నేదు. ఇప్పుడెల్లాల."

"ఈ బట్టలతో వెళ్ళకండి. ఈ ఒంటితో కూడా. తల్లి ఉప్పు మీద ఎప్పుడూ కొంచెం చెమ్మ ఉంటుంది. అందులో ఒక్క నలుసు పడితే ఒక్క రాత్రిలో పాకిపోతుంది. ఆ తర్వాత పాత తీరుది ఎక్కడినుంచి తెచ్చుకుంటాం? నేను అన్ని ఊళ్ళ పరీక్ష గదుల వాళ్ళనూ అడిగాను. అందరివీ మొండికేశాయి. మిగిలింది మన నుయ్యే."

నా చేతులు చూసుకున్నాను. రోజూ తల్లిని ముట్టే చేతులు. గడప దాటి బయట నిలబడి తల మీదనుంచి నీళ్ళు పోసుకున్నాను. ఎంత పోసుకున్నా చాలదనిపించింది.

భరణి, చివరి రోజుల్లో

ఊరు కరిగింది, కట్టింది. మా ఇల్లు ఇవాళ్టికి దారికి వచ్చింది.

పళ్ళేల్లో ఉప్పంతా గంగాళంలో వేసి పొయ్యి మీద తెర్లించాం. పళ్ళేలు, దూలాలు, గోడలు మరిగే నీళ్ళతో కడిగాం. బట్టలు ఉడకబెట్టాం. చల్లారాక పాత తోడు వేస్తే మొదట రేకులే కట్టాయి. రెండు రోజులకు మళ్ళీ సూదులు. ఎక్కడ మిగిలిందో తెలియలేదు. ఇందుమతి గారు ఇల్లంతా గాలించి చివరికి చీపురు దులిపింది. అందులో ఉంది. మేము శుభ్రం చేస్తున్నామనుకుంటూ రోజూ ఇల్లంతా అదే చల్లుతున్నాం.

చీపురు కాల్చాం. మళ్ళీ మొదటినుంచీ చేశాం. ఈ మధ్యాహ్నం కప్పు కింద చిటపట వినబడింది. దాలమ్మ ఒక పూటంతా నిద్రపోయింది.

కృత్తిక కార్తె

కరిగింది. కట్టింది. కాని నేను ఆచారం తప్పాను.

ఊరు కూడింది. నూతిని ఎలా కాపాడాలన్నది మాట. గౌరయ్య పెద్ద గొంతు మనిషి. లేచి, "మైల పట్టాల. మెట్టవాడోలు, ఇంక ఆ తీరు ఊల్లోలు ఊరిబైటే ఉండాల. నుయ్యి కాడికి రాకూడదు," అన్నాడు.

దాలమ్మ కూర్చున్న చోటునుంచే అంది. "ఆ మాట మల్లీ అనకు గౌరయ్యా. ఆ మాట సెప్పే మా ముత్తవ్వని నుయ్యి కాడ ఎండలో నిలబెట్టీవోరు. ఎవులో జాలిపడి దోసిట్లో పోస్తే తాగీది. ఏ నుయ్యో తెలుసా? ఇదే."

గౌరయ్య తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

ఇందుమతి గారు చెప్పింది. మనుషుల్లో ఎవరికీ ఏమీ లేదు, ఉన్నది దుమ్ములో. కాబట్టి ఎవరైనా సరే, కాపరైనా, ఊరి పెద్దైనా, నూతి దగ్గరకు వచ్చే ముందు స్నానం చెయ్యాలి, బట్టలు మార్చాలి. అందరికీ ఒకటే బాన, ఒకటే నీళ్ళు. "మొదట నువ్వే ముంచుకో," అంది దాలమ్మ గౌరయ్యతో. ముంచుకున్నాడు.

సాయంత్రం ఎర్నమ్మ మళ్ళీ వచ్చింది. మేమిచ్చిన తోడు కూడా వాళ్ళింట్లో ఒక్క పూటకే సూదులైపోయిందట. తోడు వేసిన కొత్త ముంతతో పొలిమేర దగ్గరే ఎదురెళ్ళాను. ఆమె చేతిలో గిన్నె ఉంది.

"గిన్నె ఆడే ఒగ్గీ అమ్మీ. నాను కొత్త ముంతలో ఇస్తాను. ముంత తిరిగి తేవొద్దు," అన్నాను.

"తేవొద్దా? ఎందుకు తేవొద్దు? నా గిన్నె మైలా?"

చెప్పాలి. దుమ్ము సంగతి, చీపురు సంగతి, చివరి నుయ్యి సంగతి. నాకు ఒక్కసారిగా అన్ని మాటలు రావు. ఒకటొకటి కూర్చుకునేలోపు ఆమె వెనక్కి తిరిగింది.

"తోడడిగితే నేదన్న ఇల్లు మా అన్నదే," అంది వెళుతూ. గిన్నె మాత్రం చంకలో గట్టిగా పట్టుకుంది.

ముంతలో తోడు అలాగే ఉంది. తెచ్చి మళ్ళీ నూతిలో పెట్టలేదు. అది పొలిమేర దాకా వెళ్ళింది కదా. పారబోశాను.

కృత్తిక, చివర

కరిగింది. కట్టింది. శీతల మండలి వచ్చింది.

రెండు బళ్ళలో వచ్చారు. అధికారి పేరు ఆనందవర్ధన్. చిన్నవాడే. మర్యాదగానే మాట్లాడాడు. "అన్ని ఊళ్ళూ చూసుకుని వస్తున్నాం తాతా," అన్నాడు. నేను కిందికి చూశాను. అతని బూట్ల అంచున తెల్లటి పొడి ఉంది.

మండలి ఉత్తర్వు చదివాడు. ఉప్పు అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండాలట. రెండు తీరులుంటే లెక్క కుదరదట. మా తల్లి ఉప్పు పరీక్ష చేసి ముద్ర వేస్తారట. కప్పులు పనిచెయ్యని ఊళ్ళను పట్నం పక్కన చల్లటి షెడ్లలోకి తరలిస్తారట. మా కప్పులు పనిచేస్తున్నాయి కదా అని గౌరయ్య అడిగాడు. "ఎన్నాళ్ళు?" అన్నాడు అధికారి.

నూతి వైపు నడవబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. దాలమ్మ వెనకనుంచి లుంగీ, తువ్వాలు పట్టుకుని వచ్చింది.

"ఇదిగో బాబూ, సబ్బు కూడా ఉంది. తానం సేసి దిగండి. మా ఆయనకి పెల్లినాడు కూడా ఇంత మరేద జరగనేదు."

అతనితో వచ్చినవాళ్ళు నవ్వారు. అతనికి నవ్వు రాలేదు. "మేం చేతులు కడుక్కునే వచ్చాం."

"బూట్లు కడిగారా?" అంది ఇందుమతి గారు.

అతను ఆమెతో పట్నం మాటల్లో కొంతసేపు వాదించాడు. నాకు చివరి మాటే అర్థమైంది. "మీరు చదువుకున్నవారు. మీకు తెలుసు. రెండిట్లో గట్టిదే చివరికి గెలుస్తుంది. అది ప్రకృతి. ఓడిపోయేదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటారు?"

ఆమె జవాబు చెప్పేలోపే నా నోటినుంచి వచ్చేసింది.

"గెలిసేదానికి కాపలా ఎందుకు బాబూ. ఓడిపోయేదానికే గదా కాపరి కావాల."

అన్నాక నాకే భయం వేసింది. వెళ్ళి నూతి మూత మీద కూర్చున్నాను. ఇనప మూత. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. కాలింది. లేవలేదు. గౌరయ్య తడిగోనె తెచ్చి నా కింద దోపి, పక్కన తనూ కూర్చున్నాడు. తర్వాత ఇంకొకరు. మూత నిండాక గట్టు మీద కూర్చున్నారు.

అధికారి బళ్ళవైపు తిరిగాడు. "రోహిణిలో మళ్ళీ వస్తాం. అప్పుడు అడగం," అని బండెక్కాడు.

వాళ్ళు నిలబడిన నేలంతా మరిగే నీళ్ళతో తడిపాం.

కృత్తిక, ఆ మర్నాడు

కరిగింది. కట్టింది.

ఊరు మళ్ళీ కూడింది. దారి కొట్టేద్దామని కొందరు, పట్నం పోయి దండం పెడదామని కొందరు అన్నారు. ఎవరూ అడక్కుండానే నేను లేచాను. అందరూ నన్ను చూశారు. కూర్చుందామనిపించింది.

"పంచీద్దాం," అన్నాను.

ఊరికి ఒకే తల్లి ఉండాలన్నది మండలి నియమం. తల్లిని విడగొడితే బలం పోతుందని మా పెద్దలూ నమ్మారు. గౌరయ్య నోరు తెరిచాడు. "తల్లిని పంచుతారేటి తవిటయ్యా?"

"మరి అన్నం వొండి కుండలోనే ఉంచుతారేటి?" అంది దాలమ్మ.

బలం పోతుందా అని ఇందుమతి గారిని అడిగారు. పోదంది. చిటికెడైనా తల్లే, కొండంతైనా తల్లే అంది. చల్లగా ఉంచితే చాలు.

చల్లటి చోటు ప్రతి ఇంట్లోనూ ఉంది. నీళ్ళ బాన కింద. ఎప్పుడూ తడి ఉండే చోటు. బాన పక్కకు జరిపి, మనిషి నిలువు గొయ్యి తవ్వి, ఇసుక తడిపి, ముంతకు మైనం పెట్టి దించి, మళ్ళీ బాన పెట్టాలి. ఒక్కొక్కరే స్నానం చేసి వచ్చారు. నేను చెక్కి ఇస్తూ ఉన్నాను. ఎప్పుడూ చిటికెడు చెక్కే నేను ఈ రోజు పిడికెడు పిడికెడు ఇచ్చాను. చేతులు తిమ్మిరెక్కాయి. నూతిలో తల్లి సగమైంది.

మండలి వారికి: నియమం తప్పాను. తెలిసే తప్పాను. ఈ పుస్తకం వానలకు ముందు మీ దగ్గరకు వస్తుంది. ఈ పేజీ చించను.

కృత్తిక, ఆఖరి రోజు

ఊళ్ళో కరిగిందీ కట్టిందీ దాలమ్మ చూసి చెప్పింది. నేను మెట్టవాడలో ఉన్నాను.

చల్లపొద్దున మైనం పెట్టిన ముంతతో బయల్దేరాను. ఎర్నమ్మతో ఏమనాలో దారంతా కూర్చుకున్నాను. మెట్టవాడలో జనం ఇళ్ళలో లేరు. గోడల నీడల్లో తడిబట్టలు కప్పుకుని పడుకుని ఉన్నారు. ఎర్నమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఆమె గడప పక్కన చీపురు కనబడింది. ముంత దూరంగా పెట్టి, చీపురు తీసి, పొయ్యిలో పెట్టాను.

"ఓలమ్మా! నా సీపురు నిన్నేటి సేసినాదన్నియ్యా?"

"అందులో ఉంది," అన్నాను. "గిన్నెలో కాదు. నీలో కాదు."

ఆమె నన్ను చూసింది. తర్వాత పొయ్యిలో చీపురును చూసింది. అప్పుడు మిగతాది చెప్పాను. మెల్లగా, ఒకటొకటి. ఈసారి ఆగి వింది.

ఆమె ఇంటి ఉప్పు తెర్లించి, ఇల్లంతా కడిగాం. పక్కింటివాళ్ళు వచ్చి ఏమిటని అడిగారు. "మా అన్న మాట్నాడడు, కాలబెడతాడు. మీ సీపుర్లు కూడా తెండి," అంది. సందు సందంతా పొయ్యిలు రాజుకున్నాయి. ఆ ఎండలో మరిగే నీళ్ళు మోశారు. ఎవరూ వద్దనలేదు. ముంతలోని తోడు వేశాక రేకులు కట్టాయి. మిగిలింది ఎర్నమ్మ బాన కింద పెట్టాం.

తిరిగి వచ్చి పొలిమేరలో బట్టలన్నీ విప్పి స్నానం చేశాను. గౌరయ్య నీళ్ళు పోశాడు. "బాగానే మాట్నాడినావట," అన్నాడు.

రోహిణి కార్తె

కరిగింది. తర్వాతిది రేపు రాయాలి.

ఈసారి బళ్ళు నాలుగు. లాఠీలున్నవాళ్ళు కూడా వచ్చారు. నేను నూతి మూత మీద నా నులక మంచం వేసుకుని కూర్చున్నాను. ఊరు చుట్టూ నిలబడింది. అధికారి ఉత్తర్వు చదవలేదు. "లే తాతా," అన్నాడు. లేవలేదు. నలుగురు వచ్చి నన్ను మంచంతో సహా ఎత్తారు.

"జాగర్త బాబూ, ఆ కాళ్ళకాడ కోడు ఊగుతాది," అంది దాలమ్మ. "ఆయన పడితే పడనీండి. మంచం మా పుట్టింటిది."

మోస్తున్నవాళ్ళలో ఒకడికి నవ్వొచ్చి మంచం వంకరైంది. తీసుకెళ్ళి నీడలో దించారు. మూత తీశారు. బూట్లతో మెట్లు దిగే చప్పుడు వినబడింది. నేను తల వంచుకున్నాను. దాలమ్మ ఆ చప్పుడు ఆగేదాకా నూతివైపే చూస్తూ నిలబడింది. నవ్వలేదు.

తర్వాత మా ఇంటికి వెళ్ళారు. కాపరి ఇల్లు కదా, ఏదైనా దాచి ఉంటాడని ఎవరికైనా తోస్తుంది. బాన దొర్లించి, గొయ్యి తవ్వి, ముంత పట్టుకుని బయటికొచ్చారు.

"ఇలాంటివి ఇంకెక్కడున్నాయి?" అన్నాడు అధికారి.

నేనేమీ అనలేదు.

"చెప్పు తాతా."

అనలేదు. ఊరివాళ్ళను చూసి, "ఈయన ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు.

"పెల్లైన కాడ్నించి సూత్తన్నాను," అంది దాలమ్మ. "మీకు సెప్తే నాకూ సెప్పండి."

ఇందుమతి గారికి కాగితం ఇచ్చారు. పట్నం వచ్చి సమాధానం చెప్పుకోవాలట. ఆమె దాన్ని మడిచి నడుములో దోపుకుంది.

బళ్ళు వెళ్ళిపోయాయి. ఎండ గంట మోగుతోంది.

రోహిణి, మర్నాడు

నూతిలో తల్లి పోయింది. స్నానం చేసి దిగాను. దీపం పెట్టి చూశాను. అంతా సూదులు. తళతళా మెరుస్తున్నాయి. చూడడానికి అందంగానే ఉన్నాయి. ఒకటి విరిచి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కరగలేదు.

పైకి వచ్చి మళ్ళీ స్నానం చేశాను.

మా ఇంట్లోకి బూట్లు వచ్చాయి కాబట్టి ఉప్పంతా తెర్లించి ఇల్లు కడగాలి. ఊరంతా వచ్చి చేశారు. పొద్దు వాలేసరికి పళ్ళేల్లో ఉప్పు నీళ్ళలా నిలిచి ఉంది, తోడు కోసం. రోజూ అందరికీ ఇచ్చిన నేను ఎవరింటికి వెళ్ళి అడగాలి? అడగడం నాకు అలవాటు లేదు. గుమ్మంలో నిలబడ్డాను.

ఎర్నమ్మ వచ్చింది. పొలిమేరలో స్నానం చేసి, దాలమ్మ అక్కడ ఉంచిన చీర కట్టుకుని, జుట్టు కారుతుండగా వచ్చింది. పాత గిన్నె తేలేదు. కొత్త ముంత తెచ్చింది.

"తోడు తెచ్చినాను అన్నియ్యా. మీ నుయ్యి సంగతి ఇన్నాను. మా ఊరంతా కట్టినాది. మీకు నేకపోతే ఎలగ?"

అలవాటు కొద్దీ ఎదురుగా కనబడే నూతి గట్టు చూపించాను. "ఆడ పెట్టు. తీసుకుంటాను."

"ఆ గట్టు మీద ఆళ్ళ బూట్లు తిరిగినాయి. నీకు తెలీదేటి? సెయ్యి పట్టు."

"ఉప్పే ఎర్నీ. సేతిలో పెడితే పోట్లాటొస్తాదంటారు."

"ఎవులితో?"

గట్టు చూపించిన చెయ్యి దించాను.

"రానీ," అంది.

చెయ్యి చాచాను. ముంత మూత తీసి నా అరచేతిలో పోసింది. రేకులు. అంచులు అప్పుడే కరగడం మొదలైంది. ముంజేతి దాకా చల్లగా పాకింది. ఎర్నమ్మ నా చెయ్యి కింద తన చెయ్యి పెట్టి, "కారిపోతన్నాది, పరిగెట్టు," అంది.

ఈ వయసులో పరిగెత్తాను. నిచ్చెనెక్కి పళ్ళెంలో విదిలించాను. పడిన చోటునుంచి తెల్లటి రేకు ఒకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి. దాలమ్మ నిచ్చెన పట్టుకుని కింద నిలబడి, "ఏటైనాది, ఏటైనాది," అని అడుగుతూనే ఉంది.

కట్టింది అన్నాను.

మృగశిర కార్తె

కరిగింది. కట్టింది.

రేపు ఈ పుస్తకం మండలికి వెళుతుంది. చదువుతారో లేదో తెలియదు. చదివితే ఒక మాట.

మీరు వెతికేది నూతిలో లేదు. నీళ్ళ బానల కింద ఉంది. ఏ ఇంట్లో అంటే, అన్ని ఇళ్ళలో. మెట్టవాడనుంచి ఇంకో ఊరివాళ్ళు అడిగి పట్టుకెళ్ళారట. ఆ ఊరినుంచి ఇంకెవరో. ఇప్పుడు ఎక్కడెక్కడ ఉందో నాకే తెలియదు. కొత్త ముంతల్లో పోతోంది, ముంతలు తిరిగి రావు. ఊరూరా చీపుర్లు కాలుతున్నాయి. ఇందుమతి గారు పట్నం వెళ్ళలేదు. చీపురు సంగతి చెబుతూ ఊళ్ళు తిరుగుతోంది. మీ కాగితం ఇంకా ఆమె నడుములోనే ఉంది.

నేనింక కాపరిని కాను. కాపలాకు ఒక నుయ్యంటూ లేదు. ముత్యాలు చెప్పినదానికంటే చాలా ఎక్కువ రాశాను. ఇంక రాయను.

మీ కప్పులు కూడా ఎప్పుడో మొండికేస్తాయి. అప్పుడు రండి. తోడు అడిగితే మేము లేదనం. లుంగీ, తువ్వాలు, సబ్బు దాలమ్మ పొలిమేరలోనే పెట్టి ఉంచింది.

స్నానం చేసి రండి.